సినిమా కబుర్లు రాస్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి,

హాలీవుడ్ సినిమా ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. చాలా సేకరించావు. ఏ వేషం ముందు ఎవరికి అనుకున్నారు, చివరికి ఎవరికి దక్కింది, ఎవరు జ్వరంతో నటించారు, అన్నీ ఉన్నాయి. కాకపోతే అన్నిటికీ ఒకే పీట వేశావు. అందుకే చదివేవాడికి ఏది గుర్తుపెట్టుకోవాలో తెలియడం లేదు.

ఏ కబురు ముందు చెప్పాలో తేల్చుకోవాలంటే ఆ సినిమా దేని గురించి తీశారో చూడు. 1952లో వచ్చిన ఆ కామెడీలో కథ 1927 నాటిది, మూకీలు పోయి టాకీలు వస్తున్న రోజులు. లీనా లామాంట్ అనే పెద్ద తారది కీచు గొంతు. క్యాథీ అనే కొత్త అమ్మాయి తెర వెనక నుంచి ఆమెకు గొంతు అరువిస్తుంది. గొడవంతా ఎవరి గొంతు ఎవరి నోట్లో అన్నదే. గొంతుకు సంబంధించిన కబురు నీ దగ్గర ఒకటుంది, అన్నిటికంటే గొప్పది. దాన్ని ఎక్కడో చివర ఒక్క వాక్యంలో పెట్టేశావు!

క్యాథీగా వేసిన డెబ్బీ రేనాల్డ్స్ మైకు ముందు నిలబడి లీనా డైలాగులకు డబ్బింగ్ చెప్పే సీను ఉంది కదా. అక్కడ వినిపించే నిండైన గొంతు డెబ్బీది కాదు. లీనాగా వేసిన జీన్ హేగన్‌ది. ఆమె మామూలుగా మాట్లాడితే అంత బాగుంటుంది, ఆ కీచుతనమంతా నటన. కథలో డెబ్బీ జీన్‌కు గొంతిస్తోంది, స్టూడియోలో జీన్ డెబ్బీకి గొంతిచ్చింది. ఆ డబ్బింగ్ వరసలోనే వచ్చే ‘వుడ్ యూ’ పాట ఈ ఇద్దరిలో ఎవరూ పాడలేదు, బెట్టీ నోయిస్ అనే గాయని పాడింది. తెర వెనక గొంతుకు పేరు దక్కాలని చెప్పే సినిమాలో ఆమె పేరు టైటిల్స్‌లో లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. ఇక్కడ ఆగు, ఎంత చోటు కావాలంటే అంత తీసుకో.

మన పాఠకులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కమల్ హాసన్ నోట బాలుగారి గొంతు విన్నవాళ్లం, డబ్బింగ్ కళాకారులకు నంది అవార్డులు ఇచ్చుకున్నవాళ్లం. ఆ పోలిక ఒక్క వాక్యంలో అని మళ్లీ హాలీవుడ్‌కు వెళ్లిపో.

లీనా పాత్రను రచయితలు బెట్టీ కామ్డెన్, అడాల్ఫ్ గ్రీన్ నటి జూడీ హాలిడేను మనసులో పెట్టుకుని రాశారని చెప్పి వదిలేశావు. ఇంకొంచెం తవ్వాలి. ఈ ముగ్గురూ ఒకప్పుడు న్యూయార్క్ నైట్‌క్లబ్బుల్లో ఒకే బృందంగా ప్రదర్శనలిచ్చినవాళ్లు. తర్వాత హాలిడే ‘బోర్న్ ఎస్టర్‌డే’ సినిమాతో ఆస్కార్ గెలిచింది. అదే కథ అంతకుముందు న్యూయార్క్ బ్రాడ్‌వేలో నాటకంగా ఆడుతున్నప్పుడు, హాలిడే రాలేని రోజున ఆ వేషం వెయ్యడానికి సిద్ధంగా పెట్టుకున్న నటి ఎవరనుకున్నావు? జీన్ హేగన్! ఆ హాలిడేను తలుచుకుని రాసిన పాత్రే ఆమెను ఆస్కార్ నామినేషన్ దాకా తీసుకెళ్లింది. ఈ సంగతి తెలిశాక లీనాను చూసి నవ్వే నవ్వులో కాస్త గౌరవం కూడా కలుస్తుంది. పాఠకుడికి అది అందించగలిగితే నీ శ్రమ ఫలించినట్టే.

మిగిలినవి త్వరగా దాటెయ్. హీరో స్నేహితుడు కాస్మో వేషానికి ముందు అనుకున్నది ఆస్కార్ లెవంట్‌ను, ఆయన పియానో విద్వాంసుడు. ఆ వేషం డొనాల్డ్ ఓకానర్‌కు రాకపోతే గోడలెక్కి పిల్లిమొగ్గలు వేసే ఆ పాట ఉండేదే కాదని నా నమ్మకం. డాన్సర్ సిడ్ చరిస్ గురించి నువ్వు రాసిన పేరా అక్కర్లేదు. మాటలు వచ్చిన కాలం మీద తీసిన సినిమాలో ఆమె ఒక్క మాటా మాట్లాడదు, అది చెప్తే చాలు.

డెబ్బీకి అప్పుడు 19 ఏళ్లు. జిమ్నాస్టిక్స్ తెలుసు గానీ ఈ స్థాయి డాన్సు కొత్త. పియానో కింద కూర్చుని ఏడుస్తుంటే పెద్ద డాన్సర్ ఫ్రెడ్ అస్టేర్ చూసి ధైర్యం చెప్పాడన్నది ఆమె తర్వాతి రోజుల్లో చెప్పుకున్న మాట. ‘ఆమె చెప్పిన ప్రకారం’ అని తప్పకుండా రాయి. వాన పాటకు నీళ్లలో పాలు కలిపారన్నది మాత్రం కొట్టెయ్. చినుకులు కనబడటానికి వెనక నుంచి లైట్లు వేశారు. పాల కథ ఎంత ముచ్చటగా ఉన్నా, ఎందరు రాసినా, నువ్వు రాయొద్దు.

ఈసారి మైకు సీనుతో మొదలుపెట్టు. బెట్టీ నోయిస్ పేరు మొదటి పేజీలోనే రావాలి. సగానికి సగం తగ్గినా పర్లేదు, వచ్చే ఆదివారం లోపు పంపు.

ప్రేమతో,
అన్నయ్య