దాడి, ధాటి, దండయాత్ర

సందేహం: అమెరికా అంతర్యుద్ధం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. 1863లో లారెన్స్ పట్టణం మీద జరిగినదాన్ని ‘దాడి’ అనాలా, ‘దండయాత్ర’ అనాలా? మన పత్రికలు ఎన్నికల ప్రచారాన్ని కూడా దండయాత్ర అంటున్నాయి కదా!

సమాధానం: లారెన్స్ విషయంలో దాడి అనే రాయండి. కాన్సస్ రాష్ట్రంలోని ఆ ఊరి మీద 1863 ఆగస్టు 21 తెల్లవారుజామున దక్షిణాది పక్షాన పోరాడిన గెరిల్లా నాయకుడు క్వాంట్రిల్ వెంట సుమారు 400 మంది రౌతులు వచ్చిపడ్డారు. నాలుగు గంటల్లో 150 మంది వరకు మగవాళ్లను, మగపిల్లలను చంపి, ఇళ్లూ అంగళ్లూ తగలబెట్టి మిస్సోరీ వైపు మళ్లిపోయారు. వాళ్లు వెతికిన సెనేటర్ జేమ్స్ లేన్ పడుకున్న బట్టలతోనే మొక్కజొన్న చేలో దూరి బతికిపోయాడు. ఊరిని పట్టి ఏలుకోవాలన్న ఆలోచన ఆ గుంపుకు లేదు. మరుసటి ఏడాది ఉత్తరాది సేనాని షెర్మన్ 60,000 సేనతో అట్లాంటా నుంచి సవానా దాకా నెలకు పైగా నడిచాడే, దాన్ని దండయాత్ర అంటే ఒప్పుకుంటాను.

ఇక నాకు ఇష్టమైన మాటకు వస్తాను. మన ‘దాడి’కి మూలం సంస్కృతపు ‘ధాటి’. శత్రువు ఏమరుపాటున ఉన్నప్పుడు మీద పడటం అని దాని అర్థం. ప్రాకృతంలో అది ‘ధాడీ’ అయింది, మన దగ్గర ఒత్తు పోగొట్టుకుని ‘దాడి’గా స్థిరపడింది. అసలు సంస్కృతమే దీన్ని జనం నోటి నుంచి ఎత్తుకుందేమోనన్న అనుమానం నాకుంది గాని, పట్టుబట్టను. తమాషా ఏమిటంటే వికృతి ఇలా కత్తి పట్టుకుని తిరుగుతుంటే, ప్రకృతి మాత్రం సభావేదిక ఎక్కి కూర్చుంది. ‘ఆయన వాగ్ధాటికి జనం ముగ్ధులయ్యారు’ అని రోజూ రాస్తాం. ఆ వేదిక మీద జరిగింది మాటలతో ఊరి మీద పడటమేనని రాసేవారికి తోచదు. ‘ధాటిగా మాట్లాడాడు’ అన్నా అంతే. పాపం, ‘వరద ధాటికి’ అన్నప్పుడే ఆ మాట తన పాత కసిని కాస్త గుర్తు చేసుకుంటుంది. కాబట్టి దాడికీ ప్రచారానికీ చుట్టరికం కలపాలని సరదా పడే పాత్రికేయులకు ఇంట్లోనే చక్కని మాట ఉంది. దాన్ని వదిలేసి ‘మాటల దాడి’ అని కొత్తగా కుట్టుకోవడం ఎందుకో!

ఇంగ్లీషువారి సంగతి క్లుప్తంగా చెబుతాను. దాడిని చెప్పే వాళ్ల ‘రెయిడ్’, దారిని చెప్పే ‘రోడ్’ ఒక తల్లి బిడ్డలే, స్వారీ చేయడమనే అర్థం నుంచి పుట్టినవే. మన నాయకుల రోడ్ షోల మీద ఇంతకు మించి వ్యాఖ్యానించను. ‘క్యాంపెయిన్’ మొదట బయలు ప్రదేశం, తరువాత బయలులో సేన గడిపే యుద్ధకాలం, ఆ పైన ఓట్ల వేట. మన ‘ప్రచారం’లో సేన లేదు, సంచరించడం, వ్యాపించడం మాత్రమే ఉన్నాయి. అంత శాంతంగా ఉన్న మాటకు ‘సమరశంఖం’, ‘కదనరంగం’, ‘దండయాత్ర’ తగిలించి, ఓటరును శత్రుదేశంగా చేయడం ఏం మర్యాద? ఆదాయపు పన్ను అధికారులు బీరువా తెరిచి కాగితాలు చూసినా ‘దాడులు’ అనే రాస్తున్నారు. ‘సోదా’ అనే మాట ఏమైపోయిందో.

అయితే ‘దండయాత్ర’ను ఎన్నికల శీర్షికల నుంచి పూర్తిగా వెలివేయమని చెప్పడానికి ‘అమరకోశం’ అనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు అడ్డొస్తున్నాడు. ఆయన ‘యాత్రా వ్రజ్యాభినిర్యాణం ప్రస్థానం గమనం గమః’ అని యాత్రనూ ప్రస్థానాన్నీ క్షత్రియవర్గంలో, సేనల కదలికల మధ్యనే చేర్చాడు. 2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సాగిన పాదయాత్రకు ‘ప్రజాప్రస్థానం’ అని పేరు పెట్టినవారికి ఈ శ్లోకం తెలుసో లేదో గాని, రెండు మాటలూ ఆ వర్గంలోవే. అందుచేత నాయకుడు ఊరూరా నెలల తరబడి తిరిగితే దండయాత్ర అన్నా నేను ఎర్ర సిరా తీయను. ఒక్క పూట సభకు మాత్రం ఆ మాట పెద్ద చొక్కాయే.