‘ఇనన్‌డేటెడ్’ లోపలి అల

చిరంజీవికి,

నీ అనువాదం చదివాను. కథ చక్కగా నడిచింది గానీ ‘నేను ఉత్తరాలతో ముంపుకు గురయ్యాను’ అన్నచోట చదువు ఆగిపోయింది. ఇంగ్లీషు మూలంలో ‘ఇనన్‌డేటెడ్’ అని ఉంది. ఆ మాటను ఒకసారి విప్పి చూద్దాం.

లాటిన్‌లో ‘ఉంద’ అంటే అల. ముందు ‘ఇన్’ చేరితే అల మీదికొచ్చి పడటం. ఊరికే తడవడం కాదు, గట్టు దాటి మీదికెక్కడం. ‘అబండెంట్’, ‘రిడండెంట్’లలో ఉన్నదీ ఈ అలే: ఒకటి పొర్లిపోయేంత సమృద్ధి, రెండోది అక్కర్లేనంత అదనం. ‘సరౌండ్’కూడా ఈ ఇంటి బిడ్డే! మొదట దాని అర్థం పొంగిపొర్లడం. ‘రౌండ్’తో పోలిక వల్ల చుట్టుముట్టడంగా మారింది. సంస్కృతంలో తడపడమనే అర్థమున్న ‘ఉంద్’ ధాతువూ, మనం వాడే ‘ఉదకం’, ఇంగ్లీషు ‘వాటర్’ అన్నీ దీనికి చుట్టాలే.

లంక ఊరి అరటితోటలో గోదావరి నీరు మోకాలి లోతున నిలిస్తే ‘ఇనన్‌డేటెడ్’ అనొచ్చు. గెలలు కూడా కనబడకపోతే ‘సబ్‌మర్జ్‌డ్’. తెలుగులో మొదటిది నీళ్లు కమ్మిన తోట, రెండోది నీట మునిగిన తోట. చివరి ‘ఎడ్’ పని జరిగిపోయిందని చెబుతోంది గనుక ‘మునుగుతున్న’ అని రాస్తే తప్పు. ‘జలమయం’ మాత్రం వాడకు. పత్రికల్లో అరిగిపోయింది, చదివేవాడి కంటికి నీళ్లు కనబడవు.

ఇక మనుషుల సంగతి. ‘ముంపు’ ఊళ్లకూ పొలాలకూ అంటిపెట్టుకున్న మాట. ముంపు గ్రామాలంటాం, ముంపు భూములంటాం, ముంపు మనిషి అనం. ఇంగ్లీషులో ఉత్తరాలు అందుకున్నవాడు కర్త స్థానంలో ఉంటాడు. తెలుగులో ఆ స్థానం ఉత్తరాలకివ్వు: ‘ఉత్తరాలు వెల్లువెత్తాయి’. అలకు అల దక్కింది. వచ్చిపడినవి పనులైతే మనిషినే కర్తగా ఉంచి ‘పనిలో తలమునకలుగా ఉన్నాడు’ అనొచ్చు.

ఎన్ని వస్తే వెల్లువ? రోజూ పది ఉత్తరాలు పడే బల్ల మీద పన్నెండు పడితే కాదు. బల్ల నిండి నేల మీదికి జారాలి. మూలకథలో అంత లేకపోతే ‘చాలా ఉత్తరాలు వచ్చాయి’ అన్నా నష్టం లేదు.

నీ వాక్యం ఇలా మార్చి చూడు: ‘ఆ వారమంతా నాకు ఉత్తరాలు వెల్లువెత్తాయి.’ తర్వాతి వాక్యంలో నువ్వు మళ్లీ ‘వరదలా’ అన్నావు, అది కొట్టెయ్.

ఆశీస్సులతో.