రిజర్వుడు సీటులో కూడా కులమే గెలిపిస్తుందా?

"ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీ చేసేవాళ్లంతా ఎస్సీలే కదా, అక్కడ కుల రాజకీయం ఎలా ఉంటుంది?" అని అడిగారు. నేను దగ్గరుండి చూసింది చెప్తాను.

2021 ఫిబ్రవరి, ఆంధ్రాలో పంచాయతీ ఎన్నికలు. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఊళ్లోనే ఉన్నాను. మాది భూములున్న కులం, దాచేదేం లేదు. సర్పంచి పదవి ఎస్సీ మహిళకు వచ్చింది. బాబాయ్ ఓటరు లిస్టు నా చేతికిచ్చి గుర్తులు పెట్టమన్నాడు. లిస్టులో కులం ఉండదు. ఇంటిపేరు చదివితే చాలు, ఆయనే చెప్పేవాడు: "ఇది మనది, ఇది బీసీ, ఇది పల్లె." పల్లె అంటే మా దగ్గర ఎస్సీ వాడ. పన్నెండొందల పేర్లలో రెండు మూడింటి దగ్గర తడబడ్డాడేమో!

లెక్క తేలాక అసలు సంగతి అర్థమైంది. అభ్యర్థులు ఇద్దరూ ఎస్సీలే, పల్లె ఓట్లు ఇద్దరికీ చీలతాయి. గెలుపు తేల్చేది మిగతా వీధులే. అందుకే ఇద్దరి పేర్లూ ఖాయమైంది మా వీధి అరుగుల మీదే, ఒకరిది మా అరుగు, ఇంకొకరిది ఎదురింటి వాళ్లది. పార్టీ గుర్తులు లేని ఎన్నికలంటారు గానీ ఏ అరుగు ఏ పార్టీదో చిన్నపిల్లాడికీ తెలుసు. ఉప సర్పంచిని వార్డు సభ్యులు ఎన్నుకుంటారు, ఆ పదవికి రిజర్వేషన్ లేదు. అది ఎవరికని ముందే అనుకున్నారు. వేరే చెప్పాలా?

దీని మూలం పాతదే. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. వాళ్ల ప్రతినిధిని వాళ్లే ఎన్నుకోవడమన్నమాట. గాంధీ నిరాహార దీక్షకు దిగడంతో అంబేడ్కర్ పూనా ఒప్పందానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రాంతీయ శాసనసభల్లో సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, ఎన్నుకునే ఓటు మాత్రం అందరి చేతికీ వెళ్లింది. ఈ రోజు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175కి 29 ఎస్సీ స్థానాలున్నాయి. వాటిలోనూ లెక్క ఇలాగే నడుస్తుంది, కాకపోతే అరుగు కాస్త పెద్దది.

అలాగని రిజర్వేషన్ దండగ అనను. మా అరుగు మనిషే గెలిచింది. మొదటి ఏడాది కాగితాలు ఇంటికొస్తే సంతకం పెట్టేసేది. తర్వాతోసారి బాబాయ్ ఫోన్ చేసి ఒకటే గోల: "కాగితం పంపిస్తే, ఆఫీసుకు పట్రమ్మను, చదివి పెడతా అంటోందిరా!"