సిలువ కిందపడితే దేవుడు వద్దన్నట్టా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. నా వయసు 47. ఆయన పోయి ఆరేళ్లయింది. మిషను కుట్టుకుంటూ అమ్మాయిని బీఎస్సీ నర్సింగ్ చదివించాను. హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. ఆ కబురు వచ్చిన సాయంత్రమే గుమ్మం పైనున్న చెక్క సిలువ కిందపడి ఒక పక్క విరిగింది. గృహప్రతిష్ఠ రోజున మా ఆయన తన చేతులతో కొట్టిన సిలువ అది. భయమేసి, బైబిలు వాక్యాల చీటీలుండే వాగ్దానాల పెట్టెలోంచి ఒక చీటీ తీస్తే ‘ఊరకుండుడి’ అని వచ్చింది. దేవుడు వద్దంటున్నాడు, వెళ్లొద్దన్నాను. పది రోజులుగా అమ్మాయి నాతో మాట్లాడటం లేదు. వచ్చే నెల ఒకటిన చేరాలి. దేవుడి మాట కాదని ఎలా పంపను?

జవాబు: అమ్మా, ‘మా ఆయన తన చేతులతో కొట్టిన’ అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ చప్పుడుకి మీ గుండె ఎలా జారిపోయి ఉంటుందో ఊహించగలను. ఆయన ఇంట్లో వదిలి వెళ్లిన గుర్తు అది. పైగా బిడ్డ ఊరు దాటబోతోందని తెలిసిన రోజునే పడింది.

అయినా ఒకసారి ఆ గోడను చూడండి. ఏళ్ల తరబడి వానకు నెమ్మెక్కే గోడలో మేకు తుప్పు పట్టి వదులవుతుంది. తలుపు గట్టిగా వేసినా ఊడి వస్తుంది. మీ ఇంట్లో జరిగింది అదే అయివుంటుంది.

మీ బైబిల్లోనే గుర్తులు దేనికో రాసి ఉంది. బట్టల అంచులకు కుచ్చులు కుట్టి నీలి దారం తగిలించుకోమని సంఖ్యాకాండంలో దేవుడు చెప్పాడు. అవి చూసినప్పుడల్లా ఆయన ఆజ్ఞలు జ్ఞాపకం రావాలని. కుట్టు పని మీది కాబట్టి అంచు మీద దారం రోజుకు ఎన్నిసార్లు కంట పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. యొర్దాను నది దాటాక, మోషే తర్వాత ఇశ్రాయేలీయులను నడిపించిన యెహోషువ గిల్గాలులో 12 రాళ్లు నిలబెట్టించాడు. ఈ రాళ్లెందుకని పిల్లలు అడిగితే, దేవుడు మనల్ని ఆరిన నేల మీద దాటించాడని పెద్దలు చెప్పాలట. ఆ రాళ్లు దాటివచ్చిన దారిని చెప్పాయి. ఇక ఎటు వెళ్లాలో రాళ్లను అడగమని ఎవరూ అనలేదు.

మోషే చేసిన ఇత్తడి సర్పం సంగతీ మీకు తెలుసు. పాము కాటు తిన్నవాళ్లు దాన్ని చూసి బతికారు. కానీ తర్వాతివాళ్లు దానికే ధూపం వేయడం మొదలుపెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు. దేవుడు చేయించిన వస్తువే కదా, అయినా ఉంచలేదు.

చీటీ మాటకొస్తే, ‘ఊరకుండుడి’ అన్నది 46వ కీర్తనలోది. పెట్టె పక్కన పెట్టి కీర్తన మొత్తం చదవండి. యుద్ధాలు మాన్పేవాడు, విల్లు విరిచేవాడు దేవుడని చెప్పిన వెంటనే ఆ మాట వస్తుంది. మొదటి వాక్యమేమో ఆయనే మనకు ఆశ్రయం అంటుంది. ఒక ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్లకూడదన్న అర్థం అందులో నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇప్పుడు అసలు మాట. అమ్మాయి వెళ్లిపోతే రాత్రిళ్లు ఆ ఇంట్లో మీరొక్కరే. ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు గానీ, ప్రతి వాక్యం వెనకా అదే వినిపించింది. ఆ భయం తప్పు కాదమ్మా. కానీ మీ భయాన్ని దేవుడి నోట పెట్టారు. ‘నాకు భయంగా ఉందే’ అంటే కూతురు దగ్గరికొచ్చి కూర్చుంటుంది. ‘దేవుడు వద్దన్నాడు’ అంటే పాపం, ఆ పిల్ల ఏమని బదులు చెప్పగలదు? అందుకే మాటలు మానేసింది.

ఈ రాత్రే అన్నం పెట్టి, మీ భయాన్ని మీ మాటగా చెప్పండి. తర్వాత ఇద్దరూ కలిసి వెళ్లి ఆ ఆసుపత్రి, హాస్టలు చూసి రండి. నైట్ డ్యూటీలు నెలకెన్ని, ఆ రాత్రుళ్లు బండి ఎవరు పెడతారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి దగ్గర పెట్టుకుంటారా అని అడగండి. జవాబులు సరిగా లేకపోతే అప్పుడు వద్దనండి, ఆ కారణమే చెప్పి. దేవుడి నడిపింపు ఇలా కళ్లు తెరిచి విచారించడంలోనూ ఉంటుందని నా నమ్మకం. పాస్టరుగారితో కూడా మాట్లాడండి, ఆ చుట్టుపక్కల మీ సంఘం వాళ్లుంటే పిల్లకు ఆదివారం ఒక చోటు దొరుకుతుంది. మీకు నిద్ర పట్టని రాత్రులు ఎక్కువైతే 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ అది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సిలువను మాత్రం పారేయకండి. వడ్రంగి దగ్గర అతికించండి, అతుకు కనిపించినా ఫరవాలేదు. ఈసారి మేకు వద్దు, కన్నం వేయించి స్క్రూ బిగిద్దురుగాని. అమ్మాయి బయల్దేరే ముందు రోజు తననే స్టూలెక్కి తగిలించమనండి. కింద స్టూలు మీరు పట్టుకోండి.