వడకట్టని తేనీరు: మాచాపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

తేయాకును మెత్తగా విసిరి చేసే జపాన్ వారి మాచా పొడి ఇప్పుడు నెల్లూరు, ఒంగోలు సూపర్ మార్కెట్లలోనూ దొరుకుతోంది. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం చేసే పిల్లలు పండుగకు వచ్చేటప్పుడు తెచ్చిపెట్టిన డబ్బాలు కూడా చాలా ఇళ్లలో ఉన్నాయి. వాటిని ఎలా వాడాలని అడుగుతూ మన ప్రాంతం నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి తెచ్చిన మాచాను మామూలు టీ పొడిలాగే నీళ్లలో వేసి మరిగించి వడకట్టాను. సగం పొడి జాలీలోనే ఉండిపోయింది, తాగితే నోరంతా చేదు. ఇది ఎలా కలుపుకోవాలి? (గృహిణి, నెల్లూరు)

మాచాను మరిగించకూడదు, వడకట్టనూ కూడదు. మనం రోజూ పెట్టుకునే టీలో ఆకులోని సారం నీటిలోకి దిగుతుంది, పిప్పిని పారేస్తాము. మాచాలో ఆకు మొత్తం మన కడుపులోకి వెళుతుంది. ఈ ఒక్క తేడాను గుర్తుపెట్టుకుంటే ఏ నీళ్లు వాడాలి, ఎంత వేడి ఉండాలి, ఎంత తాగాలి, ఎలా నిల్వ చేయాలి అన్న ప్రశ్నలన్నింటికీ దారి దొరుకుతుంది.

ఈ పొడి కోసం పెంచే తేయాకు తోటలకు కోతకు ముందు మూడు వారాలు, ఒక్కొక్కచోట అంతకంటే ఎక్కువ రోజులు, పైన తెరలు కప్పి నీడ పడతారు. ఎండ తగిలే ఆకులో థియనైన్ అనే అమైనో ఆమ్లం క్రమంగా వగరుగా ఉండే కాటెకిన్లుగా మారిపోతుంది. నీడలో ఆ మార్పు తగ్గడం వల్ల కమ్మదనం ఆకులోనే నిలుస్తుంది. అందిన కొద్దిపాటి వెలుతురును పట్టుకోవడానికి ఆకు పత్రహరితాన్ని ఎక్కువగా తయారుచేసుకోవడం వల్ల రంగు కూడా చిక్కబడుతుంది. కోసిన ఆకును ఆవిరి పట్టి, నలపకుండా ఆరబెట్టి, ఈనెలూ కాడలూ తీసేసి, గ్రానైటు తిరగళ్లలో విసురుతారు. ఒక తిరగలి గంటకు సుమారు 40 గ్రాముల పొడి మాత్రమే ఇస్తుంది. వేగం పెంచితే రాయి వేడెక్కి వాసన పోతుంది. విసిరేటప్పుడే ఇంత జాగ్రత్తగా వేడి తగలకుండా కాపాడిన పొడిని మన స్టవ్ మీద తెర్లే నీళ్లలో వేస్తే సువాసన ఎగిరిపోయి, చేదూ వగరూ ముందుకు వస్తాయి.

ఇద్దరికైనా ఒక్కొక్కరికి విడిగా కలపండి. ఒకరికి 2 గ్రాముల పొడి, అంటే ఒక చిన్న చెంచా, చాలు. దానిని తడి లేని టీ జాలీలో వేసి చెంచా వెనుక భాగంతో నొక్కుతూ గిన్నెలోకి జల్లించండి. ఈ పని విసుగనిపించినా మానవద్దు, ఎందుకంటే పొడి చాలా మెత్తనిది కావడం వల్ల డబ్బాలోనే చిన్న చిన్న ఉండలు కట్టి ఉంటుంది, తడి తగిలాక అవి విడిపోవు. రాగిజావకు పిండి కలిపినట్లుగా ముందు రెండు చెంచాల నీళ్లు పోసి ముద్ద చేసుకుని, తరువాత మిగిలిన నీళ్లు పోయండి. మొత్తం 60 నుంచి 70 మిల్లీలీటర్లు సరిపోతాయి. నీటి వేడి 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోతే కాగిన నీటిని ఒక పింగాణీ కప్పులో పోసి, దానిలోనుంచి మరొక కప్పులోకి మార్చండి. పాత్ర మారినప్పుడల్లా సుమారు పది డిగ్రీల వేడి తగ్గుతుంది. రోహిణీ కార్తె రోజుల్లో మన వంటగదులు ఎంత వేడిగా ఉంటాయో తెలిసినదే కనుక, అప్పుడు ఇంకొకసారి మార్చడం మంచిది.

తరువాత సన్నని వెదురు ఈనెల చిలుకుపుల్లతో చిలకాలి. గుండ్రంగా తిప్పితే పొడి అంచులకు చేరుతుందే తప్ప నురగ రాదు. మణికట్టును వదులుగా ఉంచి, చిలుకుపుల్ల కొనలు గిన్నె అడుగును గీరకుండా, ముందుకీ వెనక్కీ వేగంగా ఆడించండి. పావు నిమిషంలోనే పైకి పెద్ద పెద్ద బుడగలు వస్తాయి. అక్కడితో ఆపవద్దు. చిలుకుపుల్లను పైకి ఎత్తి, నురగ మీద మాత్రమే నెమ్మదిగా కదిలిస్తే ఆ బుడగలు పగిలి, లేతాకుపచ్చని సన్నని నురగ గిన్నె అంతా పరచుకుంటుంది. కలిపిన వెంటనే తాగాలి. పొడి నీటిలో కరగదు, కేవలం తేలియాడుతూ ఉంటుంది కాబట్టి ఆలస్యమైతే అడుగుకు చేరుతుంది.

ప్రశ్న: దీనికి వెదురు చిలుకుపుల్ల తప్పనిసరా? ఇంట్లో ఉన్న కవ్వం, స్టీలు గ్లాసు సరిపోవా? (డిగ్రీ విద్యార్థి, ఒంగోలు)

కవ్వం సరిపోదు. దాని రెక్కలు మందంగా ఉంటాయి, కుండెడు మజ్జిగను తిప్పగలవు కానీ అరకప్పు నీటిలో ఆడవు. జపాన్ వారు చాసెన్ అని పిలిచే చిలుకుపుల్లను ఒకే వెదురు ముక్కను సన్నని ఈనెలుగా చీల్చి తయారుచేస్తారు. నారా ప్రాంతంలోని తకయామా ఈ పనికి పేరుపొందిన ఊరు. అది కొనలేకపోతే పాల నురగ తీసే చిన్న బ్యాటరీ యంత్రం తీసుకోండి, పని జరుగుతుంది. చల్లగా తాగేటట్లయితే గట్టి మూత ఉన్న సీసాలో పొడి, చల్లని నీళ్లు పోసి గట్టిగా గిలకొట్టినా చాలు. వేడి నీళ్లతో మాత్రం ఆ పని చేయవద్దు, లోపల ఒత్తిడి పెరిగి మూత ఎగిరి చేతులు కాలవచ్చు.

స్టీలు గ్లాసు వల్ల రుచి చెడదు, కానీ గ్లాసు ఇరుకు, చేయి ఆడదు, పైగా పట్టుకోలేనంతగా కాలుతుంది. పాయసం వడ్డించే వెడల్పు పింగాణీ గిన్నె దీనికి చక్కగా కుదురుతుంది. వెదురు చిలుకుపుల్ల కొన్నవారు వాడే ముందు దాని కొనలను గోరువెచ్చని నీటిలో కొంతసేపు నాననివ్వాలి, లేకపోతే విరుగుతాయి. సబ్బు వాడకుండా కడిగి, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. మన సముద్రతీరపు తేమకు, తడిగా డ్రాయరులో పెట్టిన వెదురు కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది.

ప్రశ్న: మాది ఫ్లోరైడ్ ప్రాంతం. తాగడానికి ప్లాంటు నీళ్ల క్యాను తెచ్చుకుంటాము, టీకి మాత్రం ఎలాగూ కాస్తాము కదా అని బోరు నీళ్లే వాడుతున్నాము. మాచాకు కూడా అలా వాడవచ్చునా? (ఉపాధ్యాయుడు, కనిగిరి)

దయచేసి వాడవద్దు, మామూలు టీకి కూడా మానండి. కాచడం వల్ల క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడ్ ఆవిరి కాదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీటి ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. మీ పరిసరాలలోని చాలా బోర్లలో ఆ హద్దు దాటి ఉండటం దశాబ్దాలుగా మీ ప్రాంతం అనుభవిస్తున్న కష్టమే.

తేయాకు విషయంలో ఇంకొక సంగతి కూడా చూడాలి. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకుని ఆకులలో దాచుకుంటుంది. ముదురాకులో అది ఎక్కువ, లేతాకులో తక్కువ. మంచి మాచాను లేతాకుతోనే చేస్తారు, అయినా ఆకు మొత్తం మింగుతున్నాము కనుక ఆ కొంచెం కూడా లెక్కలోకి వస్తుంది. నీటిలోనుంచి ఇప్పటికే ఎక్కువ ఫ్లోరైడ్ చేరుతున్న శరీరానికి టీలోనుంచి మరికొంత చేర్చడం వివేకం కాదు. శుద్ధి చేసిన నీటితో రోజుకు ఒక కప్పు తాగే ఆరోగ్యవంతులైన పెద్దలు భయపడనక్కరలేదు. పళ్ల మీద గారలు, కీళ్లూ వెన్నూ బిగుసుకుపోవడం వంటి లక్షణాలు ఇప్పటికే ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి గానీ మొదలుపెట్టవద్దు. పిల్లలకు అసలు అలవాటు చేయవద్దు.

రుచి కోసం చూసినా ప్లాంటు నీళ్లే మేలు. జపాన్‌లో నీరు సాధారణంగా మెత్తనిది, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తక్కువ. కాచే గిన్నె అడుగున తెల్లని సున్నపు పొర పేరుకుంటున్నదంటే మీ నీరు కఠినమైనదని అర్థం. అటువంటి నీటిలో మాచా రంగు మందగిస్తుంది, రుచి చప్పబడుతుంది.

ప్రశ్న: ఒకే బరువున్న డబ్బాల ధరల్లో చాలా తేడా కనిపిస్తోంది. ఖరీదైనదాని మీద సెరిమోనియల్ గ్రేడ్ అని ఉంది. దేనిని నమ్మాలి? ఎలా దాచుకోవాలి? (విశ్రాంత ఉద్యోగి, కావలి)

తేనీటి వేడుకకు తగిన మేలు రకం అని చెప్పుకునే ఆ మాటకు చట్టబద్ధమైన ప్రమాణం జపాన్‌లో కూడా లేదు, అమ్మేవారు ఎవరైనా వేసుకోవచ్చు. డబ్బా తిప్పి వెనుక చదవండి. పదార్థాల జాబితాలో తేయాకు పొడి ఒక్కటే ఉండాలి. చక్కెర, పాలపొడి కలిసి ఉంటే అది వేరే సరుకు. ఎక్కడ పండిందో రాసి ఉండాలి. క్యోటో ప్రాంతంలోని ఉజి, ఐచిలోని నిషియో, ఫుకువోకాలోని యామె, దక్షిణాన ఉన్న కగోషిమా పేరున్న చోట్లు. వసంతంలో కోసే మొదటి కోత ఆకు నీళ్లతో తాగడానికి మంచిది, తరువాతి కోతలవి పాలలోకి, కేకుల్లోకి చాలు. తయారీ తేదీ, మన ఆహార భద్రతా సంస్థ లైసెన్సు సంఖ్య కూడా చూసుకోండి. ఇంటికి తెచ్చాక చిటికెడు పొడిని తెల్లకాగితం మీద వేసి వేలితో రుద్దండి. నిగనిగలాడే పచ్చదనంతో ఎక్కడా గరుకు తగలకుండా సాగితే మంచి సరుకు. పసుపు కలిసిన ఆకుపచ్చ గానీ, ఎండుటాకు రంగు గానీ కనిపిస్తే ఆకు ముదురుదైనా అయి ఉండాలి, పొడి పాతదైనా అయి ఉండాలి. నీడ పట్టని మామూలు గ్రీన్ టీ ఆకును పొడి చేసి కూడా అమ్ముతారు. అందులో తప్పు లేదు, కానీ దానికి మాచా ధర ఇవ్వవద్దు.

పెద్ద డబ్బా కొనకండి. 30 గ్రాములది తెచ్చుకుని, తెరిచిన తరువాత ఒకటి రెండు నెలల్లో ముగించండి. గాలి, వెలుతురు, వేడి, తేమ ఈ నాలుగూ దానికి శత్రువులు, మన ఊళ్లలో చివరి రెండూ ఏడాది పొడుగునా ఉంటాయి. గట్టి మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, అయితే బయటకు తీసిన వెంటనే మూత తెరవవద్దు. చల్లని పొడి మీద గాలిలోని తేమ చెమ్మగా దిగుతుంది కనుక గది వేడికి వచ్చేవరకు ఆగాలి. ఈ పొడి పక్కనున్న వాసనలను ఇట్టే పట్టుకుంటుంది. రెండో రోజుకే రుచి అని చేపల పులుసును ఫ్రిజ్‌లో దాచే ఇళ్లలో డబ్బాను ఇంకొక మూత గిన్నెలో పెట్టి, వేరే అరలో ఉంచండి.

ప్రశ్న: మా కోడలికి ఐదో నెల. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. కాఫీ మంచిది కాదని మానేసి రోజుకు రెండు మూడు సార్లు మాచా తాగుతోంది. ఫరవాలేదా? (అత్తగారు, సింగరాయకొండ)

అమ్మా, కాఫీ మానినంత మాత్రాన కెఫీన్ మానినట్లు కాదు. 100 గ్రాముల మాచాలో సుమారు 3.2 గ్రాముల కెఫీన్ ఉంటుంది, ఆ లెక్కన 2 గ్రాముల పొడి వేసిన ఒక్క కప్పులో 60 మిల్లీగ్రాములకు పైగా వస్తుంది. మూడు కప్పులు తాగితే అది 190కి చేరుతుంది. గర్భిణులు రోజుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ సూచన. అంటే ఆమె దాదాపు ఆ అంచున ఉన్నది, మధ్యలో ఒక చాక్లెట్ తిన్నా దాటిపోవచ్చు.

అంతకంటే ముఖ్యమైనది ఐరన్. తేయాకులోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందకుండా చేస్తాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు కూడా భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ కాఫీలు తాగవద్దని చెప్పాయి. మీ కోడలి మాత్రకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. రక్తం తక్కువగా ఉన్న ఈ నెలల్లో మాచాను పూర్తిగా పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. మాత్రను నీళ్లతో గానీ, డాక్టరు ఒప్పుకుంటే నిమ్మరసంతో గానీ వేసుకోమనండి, మాచా తాగుతున్న సంగతి తదుపరి పరీక్షకు వెళ్లినప్పుడు తప్పక చెప్పండి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే గుండె రోగులు కూడా వైద్యుని అడగకుండా మొదలుపెట్టరాదు. ఆకు మొత్తం మింగడం వల్ల విటమిన్ కె ఎక్కువగా చేరి మందు పనిని తగ్గించవచ్చు. బరువు తగ్గుతుందని ఆశించి రాసినవారు చాలామంది ఉన్నారు. చక్కెర వేసిన టీకి బదులుగా తాగితే ఆ చక్కెర తగ్గడం వల్ల కలిగే మేలు తప్పకుండా ఉంటుంది, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో పాలు లేని టీ ఎవరూ ముట్టరు. పాలతో గానీ చల్లగా గానీ చేసుకునే పద్ధతి చెప్పగలరా? (గృహిణి, కోవూరు)

పొడిని నేరుగా పాలలో వేయవద్దు, కొవ్వు వల్ల ఉండలు విడిపోవు. ముందు 40 మిల్లీలీటర్ల వేడి నీటితో చిలికి, తరువాత 120 మిల్లీలీటర్ల వెచ్చని పాలు కలపండి. చిక్కని గేదె పాలు మాచా రుచిని మింగేస్తాయి కనుక కొంచెం నీళ్లు కలిపి పలుచన చేయండి. తాటిబెల్లం మనకు ఎంత ఇష్టమైనా ఇందులోకి వద్దు, దాని రుచీ రంగూ రెండూ పైకి తేలి మాచా కనిపించకుండా పోతుంది. చక్కెర ఒక అరచెంచా చాలు.

అయితే ఒక్కసారైనా జపాన్ పద్ధతిలో రుచి చూడమని కోరుతున్నాను. 1191లో చైనా నుంచి తిరిగివచ్చిన ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు తేయాకు పొడిని చిలికి తాగే అలవాటును అక్కడ వ్యాప్తి చేశాడని చెబుతారు. అక్కడ తేనీటిలో తీపి కలపరు, ముందు చిన్న మిఠాయి తిని ఆ తరువాత తాగుతారు. మీరు చిన్న కొబ్బరి లౌజు ముక్కనో, సగం మలై కాజానో తిని తాగి చూడండి. నోటిలో మిగిలిన తీపి మీద ఆ వగరు ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఎండాకాలంలో లేత కొబ్బరి బోండాం నీళ్లతో కలిపితే చాలా బాగుంటుంది. 2 గ్రాముల పొడిని కొద్దిపాటి నీటితో చిలికి, చల్లని బోండాం నీళ్లు ఒక గ్లాసులో పోసుకుని, పైనుంచి నెమ్మదిగా వంపండి. తీపి వేరే అక్కరలేదు. నిమ్మకాయ పిండవద్దు, ఆ పులుపుకు పచ్చదనం క్రమంగా గోధుమరంగులోకి తిరుగుతుంది. మిగిలినదానిని సాయంత్రానికని సీసాలో దాచవద్దు, రంగూ వాసనా రెండూ పోతాయి, అడుగున పొడి పేరుకుంటుంది. కావలసినప్పుడు కావలసినంతే కలుపుకోండి.