స్కోరు ముందుకు కదలకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాకపోవచ్చు

మీ బాధ నాకు అర్థమైంది ఇలా: స్కోరు, అంటే వాద్యాలకు సంగీతాన్ని స్వరలిపిలో రాసిన ప్రతి, తయారుచేయడానికి ఆరు నెలలుగా మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు. ఎనిమిది బార్లు (తాళం లెక్కన నిలువు గీతలతో విడదీసిన గళ్లు) రాస్తారు, ప్లే నొక్కి వింటారు, ఏదో మారుస్తారు, మళ్లీ వింటారు. సాయంత్రం గడిచిపోతుంది గానీ తొమ్మిదో బార్ రాదు. డబ్బు పెట్టి సిబేలియస్, డొరికో లాంటి వేరే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌కి మారితే పని సాగుతుందా, మిడి కీబోర్డు (కంప్యూటర్‌కి తగిలించి స్వరాలు ఎక్కించే పియానో మెట్లు) కొనాలా అని అడిగారు.

మారినంత మాత్రాన సాగదు. పైగా కొన్ని వారాలు వేళ్లు తడబడతాయి. మ్యూజ్‌స్కోర్‌లో క్వార్టర్ నోట్‌కి (పూర్తి స్వరంలో నాలుగో వంతు నిడివి) 5 నొక్కుతాం, డొరికోలో 6, సిబేలియస్‌లో 4. చిన్న తేడానే అనిపిస్తుంది కానీ, మంచి ఊపులో రాస్తున్నప్పుడు ప్రతి స్వరం తప్పు నిడివితో పడుతుంటే ఎంత విసుగో మారినవాళ్లకే తెలుసు. ఉన్నదాంట్లోనే పది షార్ట్‌కట్లు చేతికి పట్టేలా చేసుకోండి: నిడివి అంకెలు, ఎంచుకున్నదాన్ని మళ్లీ వేసే ఆర్ (R) కీ, కంట్రోల్ పట్టుకుని పైకీ కిందకీ బాణాలు నొక్కితే స్థాయి మారడం, ఇలాంటివి. రోజువారీ పనిలో చాలా భాగానికి అవి సరిపోతాయి.

నేను ఫినాలే అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌తోనే మొదలుపెట్టాను. 1988 నుంచి ఉన్న ప్రోగ్రామ్, ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. 2024 ఆగస్టులో ఇక దాన్ని అభివృద్ధి చేయబోమని ప్రకటించారు. పాత ఫైళ్లన్నీ మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా (వేరే స్వరలిపి సాఫ్ట్‌వేర్‌లూ తెరవగలిగే ఫైలు రకం) మార్చుకుంటూ కూర్చున్నప్పుడు ఒకటి గమనించాను. స్వరాలు, తాళం, స్లర్లు (స్వరాలను కలిపి వాయించమనే వంపు గీతలు) దాదాపు అన్నీ భద్రంగా వచ్చాయి. రాత్రుళ్లు మేలుకుని మౌస్‌తో అటూ ఇటూ జరిపిన అలంకరణ మాత్రం చాలావరకు చెదిరిపోయింది. నేను గంటలు పోసింది పోయే వైపు. అప్పటి నుంచి స్వరాలు రాసే రోజు పేజీ అందం జోలికి వెళ్లడం లేదు.

మీ విషయంలోనూ అదే జరుగుతోందని నా అనుమానం. కల్పన చేయడం, వినడం, పేజీ దిద్దడం వేరు వేరు పనులు. సాఫ్ట్‌వేర్ మూడింటినీ ఒకే తెర మీద పెట్టేసరికి మనమూ ఒకేసారి చేయబోతాం.

ఇప్పుడు నేను చేసేది చెప్తాను. కొత్త రచన అంటే ముందు కంప్యూటర్ తెరవను. పాడి ఫోన్‌లో రికార్డు చేసుకుంటాను, గొంతు ఎలా ఉన్నా సరే. తర్వాత ఫైలు తెరిచి ఖాళీ బార్లు ఒక అరవై పెట్టేస్తాను. ఏ భాగం ఎక్కడ మొదలవ్వాలో అక్కడ రిహార్సల్ గుర్తు (భాగం మొదలును చూపే అక్షరం లేదా అంకె) వేసి, పైన మామూలు మాటల్లో రాస్తాను: ‘ఇక్కడ చెల్లో ఒక్కటే’, ‘ఇక్కడికి అందరూ వచ్చెయ్యాలి’, ‘ఇక్కడ ఏం చేయాలో తెలీదు’. ఆ మూడోదే ఎక్కువ సార్లు ఉంటుంది, ఫర్వాలేదు. తొమ్మిదో బార్ రాకపోతే నలభైయో బార్ రాస్తాను. ఎడమ నుంచి కుడికే రాయాలని ఎవరూ అనలేదు కదా.

ఎన్ని వాద్యాలున్నా ముందు రెండు స్టాఫ్‌ల (స్వరాలు రాసే అయిదు గీతల వరుసల) మీదే, పియానోకి రాసినట్టు చిత్తుప్రతి రాస్తాను. ఇరవై స్టాఫ్‌లు కళ్లముందుంటే వాటిని నింపాలన్న ఆరాటమే తప్ప సంగీతం గురించి ఆలోచన రాదు. వాద్యాలకు పంచడం తర్వాత.

ఇక ప్లేబ్యాక్. ఒక భాగం పూర్తయ్యేదాకా ప్లే నొక్కకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. మొదటి వారం చేతులు దురద పెట్టాయి. ఎందుకింత పట్టుదల అంటే, అది అబద్ధాలు చెప్తుంది. ఫ్లూట్ కింది స్థాయిలో సహజంగానే మెత్తగా పలుకుతుంది, దాని పక్కన ట్రంపెట్లు గట్టిగా మోగిస్తే అసలు వినిపించదు. కంప్యూటర్‌లో మిక్సర్ పుణ్యమా అని చక్కగా వినిపిస్తుంది. కంప్యూటర్‌కి ఊపిరి అక్కర్లేదు, పెదవులు అలసిపోవు, మ్యూట్ (శబ్దాన్ని తగ్గించడానికి వాద్యానికి పెట్టేది) తగిలించడానికి సమయం పట్టదు. అందుకే గాలి వాద్యానికి రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి నేనే ఊపిరి పట్టి పాడి చూస్తాను. నాకు ఆయాసం వస్తే అక్కడ విరామం పెడతాను. పరిధి దాటిన స్వరాలను మ్యూజ్‌స్కోర్ వేరే రంగులో చూపిస్తుంది, ఆ హెచ్చరికను ఆపేయకండి. కానీ రంగు మారలేదంటే హాయిగా వాయించొచ్చని కాదు.

పేజీ దిద్దడం చివర్లో, ఒకే విడతలో. ఇరుకుగా ఉంటే గుర్తులను ఒక్కొక్కటీ లాగొద్దు. స్టాఫ్ సైజు తగ్గించండి, లేదా వరుసకు ఒక బార్ తగ్గించండి. సగం సమస్యలు వాటంతటవే సర్దుకుంటాయి.

మీ స్కోరు మనుషులు వాయిస్తారంటే, విడి పార్టుల (ఒక్కో వాద్యకారుడికి ఇచ్చే విడి కాగితాల) మీద పెట్టే సమయం వృథా కాదు. నా మొదటి రిహార్సల్‌లో కాన్సర్ట్ పిచ్‌లో (అసలు వినిపించాల్సిన స్వరాలనే రాసిన రూపంలో) ఉన్న క్లారినెట్ పార్టునే ప్రింట్ తీసి ఇచ్చాను. బి ఫ్లాట్ క్లారినెట్‌కి ఒక పూర్తి టోన్ పైకి రాయాలి. నేను రాయకపోవడంతో ఆయన వాయించిందంతా ఒక టోన్ కిందకి మోగింది. ఏం తేడా కొట్టిందో కనిపెట్టేసరికి పావుగంట పోయింది, అందరూ నా వైపే చూస్తున్నారు. అదే రోజు వయొలిన్ పార్టులో వేగంగా వెళ్లే చోట సరిగ్గా మధ్యలో పేజీ తిప్పాల్సి వచ్చింది. ఇప్పుడు ప్రతి పార్టునూ ప్రింట్ తీసి స్టాండు మీద పెట్టి, వాయిస్తున్నట్టే చేతులు కదుపుతూ పేజీలు తిప్పి చూస్తాను. చూసేవాళ్లకి పిచ్చిగా కనిపిస్తుంది. కుడి పేజీ చివర విరామం రావాలి, రాకపోతే పేజీ సగం ఖాళీగా వదిలేసినా తప్పులేదు.

ఫైలు పేర్లలో తేదీ పెట్టండి, ‘ఫైనల్’ అనే మాట మాత్రం వాడకండి. నా దగ్గర ఒకే రచనకి నాలుగు ఫైనల్‌లు ఉన్నాయి, ఏది వాయించారో నాకే తెలీదు. పూర్తయినదాన్ని పీడీఎఫ్‌గా, మ్యూజిక్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా కూడా దాచుకోండి.

మిడి కీబోర్డు సంగతి: కొంటే 25 కీల చిన్నది చాలు, ఒక్కో స్వరం ఎక్కించడానికే కాబట్టి. ఒక్క జాగ్రత్త. మీరు ఇ ఫ్లాట్ అనుకుని నొక్కింది డి షార్ప్‌గా పడొచ్చు. రెండూ ఒకే కీ, ఏది అనుకున్నారో సాఫ్ట్‌వేర్‌కి తెలీదు. చెవికి తేడా ఉండదు గానీ చదివేవాళ్లు ఆగిపోతారు. మ్యూజ్‌స్కోర్‌లో ఆ స్వరాన్ని ఎంచుకుని జె (J) కీ నొక్కితే పేరు మారుతుంది.