డాలస్ కౌంటీ సైట్‌లో డివోర్స్ డిక్రీ దొరకట్లేదా?

డివోర్స్ డిక్రీ (కోర్టు ఇచ్చిన విడాకుల తీర్పు) కాపీ కోసం డాలస్ కౌంటీ సైట్‌లో వెతికితే దొరకలేదన్నారు. డివోర్స్ వేసినప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉండేవాళ్ళమన్నారు కదండీ, మరి డాలస్ కౌంటీలో వెతికితే ఎలా దొరుకుతుంది, ఫ్రిస్కో ఉండేది కాలిన్, డెంటన్ కౌంటీల్లో. టెక్సాస్‌లో డివోర్స్ వేయాలంటే ఇద్దరిలో ఒకరు కేసు వేసే కౌంటీలో 90 రోజులుగా ఉండాలి కాబట్టి ముందు పాత అడ్రస్ ఏ కౌంటీయో చూస్కోండి. తర్వాత ఆ కౌంటీ సైట్‌లో పేరుతో సెర్చ్ కొట్టండి, మన ఇంటిపేర్లు ముందూ వెనకా అయిపోతాయిగా, రెండు రకాలుగానూ ట్రై చేయండి. కేస్ నంబర్ దొరికాక డిస్ట్రిక్ట్ క్లర్క్‌ని (కోర్టు కేసుల రికార్డులు ఉంచే ఆఫీస్) సర్టిఫైడ్ కాపీ అడగండి, కౌంటీ క్లర్క్‌ని కాదు, ఆయన దగ్గర ఉండేవి పెళ్ళి లైసెన్సులు, ఇళ్ళ రిజిస్ట్రేషన్లూ. ఆస్టిన్‌లోని స్టేట్ ఆఫీస్‌కి రాస్తే వచ్చేది డివోర్స్ రికార్డు ఉందని చెప్పే వెరిఫికేషన్ లెటరే, డిక్రీ రాదు.